వుల్ఫర్టన్: రాజుగారు దిగిన పల్లెటూరి స్టేషన్

రాజుగారు దిగే స్టేషన్ అనగానే గుమ్మటాలు, బారులు తీరిన స్తంభాలు ఊహించుకుంటాం. ఇంగ్లండ్ తూర్పున నార్ఫోక్ ప్రాంతంలో ఉన్న వుల్ఫర్టన్‌లో అవేవీ కనబడవు. ఊరి ఇళ్ల మధ్య ఒద్దికగా ఇమిడిపోయే కట్టడం అది. నాకు అది అంతగా నచ్చడానికి కారణం ఆ ఒద్దికే.

1862లో కింగ్స్ లిన్ నుంచి సముద్రతీరాన ఉన్న హన్‌స్టాంటన్ వరకు రైలు మార్గం వేశారు. అదే ఏడాది, తర్వాత ఏడో ఎడ్వర్డ్ రాజైన యువరాజు కోసం దగ్గరలోని సాండ్రింగ్‌హామ్ ఎస్టేటు కొన్నారు. దాంతో ఈ చిన్న స్టేషన్ జాతకం మారిపోయింది. ఐరోపా రాజకుటుంబాల అతిథులు ఇక్కడే దిగేవారు. 1898లో గ్రేట్ ఈస్టర్న్ రైల్వే దీన్ని కొత్తగా కట్టించింది. గీసినవాడు ఆ కంపెనీ ఆర్కిటెక్ట్ డబ్ల్యూ. ఎన్. ఆష్బీ. హెర్ట్‌ఫర్డ్ ఈస్ట్ స్టేషన్ కూడా ఆయన చేతిదే.

గోడల దగ్గర కాసేపు ఆగాలి. రాయి ముదురు బెల్లం రంగులో ఉంటుంది. పేరు కార్‌స్టోన్, ఇసుకరాయిలో ఇనుము కలవడం వల్ల వచ్చిన రంగది. ఆ చుట్టుపక్కల తవ్వితే దొరికేదే. పనితనం చూపించుకోవడానికి అనువైన రాయి కాదు: చెక్కితే అంచు పదునుగా నిలవదు. అందుకే అక్కడి మేస్త్రీలు దాన్ని చిన్న చిన్న ముక్కలుగా వరస కట్టి, మూలలకూ కిటికీల చుట్టూ ఇటుకనో గట్టి రాయినో వాడతారు. రాజు వస్తున్నాడు కదా అని ఆష్బీ పాలరాయి తెప్పించలేదు. ఊరి రాయినే నమ్ముకున్నాడు. పైన ముక్కోణపు గోడల్లో నల్లటి చెక్క దూలాలు, వాటి మధ్య తెల్లటి పూత. పాత ట్యూడర్ ఇళ్ల పద్ధతి. రాజదర్పమంతా లోపల వెయిటింగ్ రూముల గోడలకు బిగించిన ఓక్ పలకల్లో దాచాడు.

బయట రాచరికాన్ని చెప్పేది దీపస్తంభాలే. ఒక్కో లాంతరు మీద ఒక చిన్న కిరీటం. దీపం వెలుతురు పడేది కిందికి, కిరీటం ఉండేది పైన. అంటే చీకటి పడ్డాక అది సరిగా కనబడదు. అయినా పోతపనిలో ఎక్కడా అశ్రద్ధ లేదు.

1936లో అయిదో జార్జి, 1952లో ఆరో జార్జి భౌతికకాయాలు ఇక్కడి నుంచే రైలులో లండన్ చేరాయి. 1969 మే నెలలో లైను మూసేశారు. తర్వాత పట్టాలు పీకేశారు. స్టేషన్ మాత్రం ప్రైవేటు చేతుల్లోకి వెళ్లి, శ్రద్ధగా నిలిచి ఉంది.

ఎప్పుడైనా అటు వెళితే రాజుగారి గదుల కన్నా ముందు గేటు పక్కనున్న సిగ్నల్ క్యాబిన్ చూడండి. రాజు అడుగు పెట్టని గది అది. గోడకు వాడిన రాయి మాత్రం అదే.