వయసు మళ్లిన గొంతులో ఒగ్గు కథ

కాజీపేట నుంచి బల్లార్షా వెళ్లే రైలు మార్గంలో జమ్మికుంట, పొత్కపల్లి దాటితే ఓదెల వస్తుంది. పెద్దపల్లి జిల్లాలో మల్లన్న భక్తులకు ఈ ఊరు చెప్పి గుర్తుచేయనక్కర్లేదు. మల్లికార్జునస్వామి గుడికి మొక్కున్నవాళ్లు బోనం ఎత్తుకొని వస్తారు, పట్నం వేయిస్తారు, చెట్టు నీడన వండుకొని తిని పొద్దుగూకే వేళకు ఇంటిబాట పడతారు. గుడి చుట్టూ ఏదో ఒక మూల డోలు మోగుతూనే ఉంటుంది. ఆ డోలు వెనక ఒగ్గు పూజారి ఉంటాడు. మల్లన్న కథ, బీరప్ప కథ, ఎల్లమ్మ కథ తరతరాలుగా మోసుకొస్తున్నది కురుమ, గొల్ల కుటుంబాలకు చెందిన ఈ పూజారులే.

అక్కడ నేనొక రాత్రి ఒక పెద్దాయన కథ విన్నాను. డెబ్బై దాటిన మనిషి. తలపాగా, నడుముకు దట్టీ, కాళ్లకు గజ్జెలు, భుజాన కండువా. మొదటి పావుగంట నాకు నిరాశగానే గడిచింది. గొంతు పైకి లేవడం లేదు. చరణం ఎత్తుకుంటాడు, సగంలో వదిలేస్తాడు. పక్కనున్న వంత ఆ సగాన్ని అందుకొని పైస్థాయికి తీసుకుపోతాడు. పెద్దాయన అలసిపోయాడు, ఇంక ఆపితే బాగుండునని మనసులో అనుకున్నాను.

అర్ధరాత్రి దాటేసరికి నా అంచనా ఎంత తప్పో తెలిసింది. ఆయన వదిలేయడం లేదు, అప్పగిస్తున్నాడు. ఎక్కడ వదిలితే వంత అందుకుంటాడో, ఎక్కడ డోలు అందుకుంటుందో, ఎక్కడ ఎవరూ అందుకోకుండా జనం తమలో తామే పూరించుకుంటారో ఆయనకు లెక్క ఉంది. ఆ లెక్క పాతికేళ్ల కుర్రవాడికి ఉండదు. కుర్రవాడికి గొంతు ఉంటుంది కాబట్టి అన్నీ తానే పాడేస్తాడు.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదే. ముసలి కళాకారుల గురించి మనం మాట్లాడేటప్పుడు జాలి ఎక్కువ, వినడం తక్కువ. సన్మానం చేసి శాలువా కప్పుతాం. పాడించడానికి మాత్రం వెనకాడతాం, గొంతు పోయిందంటాం. ఒగ్గు కథ విషయంలో ఆ మాట చెల్లదు. ఈ కళ కట్టుబాటే వేరు.

ముందు ఒగ్గు అంటే ఏమిటో చూద్దాం. నడుము సన్నగా ఉండే చిన్న చేతివాద్యం, శివుడి ఢమరుకం. జగ్గు అని కూడా అంటారు. దీని పేరే కథకూ, కథ చెప్పేవాళ్లకూ వచ్చింది. అయితే ఆటంతా నడిపేది డోలు. మెడకు తగిలించుకున్న డోలును ఒకవైపు పుల్లతో, ఇంకోవైపు చేత్తో వాయిస్తారు. పుల్ల దెబ్బ దూరానికి వినిపిస్తుంది, చేతి దెబ్బ దగ్గరివాళ్లకు తగులుతుంది. వీటికి తాళాలు తోడు. నలుగురైదుగురు ఉంటే దళం నిలబడుతుంది. ప్రధాన కథకుడు ఒకడు, వంతలు ఒకరో ఇద్దరో, మిగతావాళ్లు వాద్యగాళ్లు. పాట, వచనం, మాటల జోడింపు ఈ మూడింటి మధ్య కథ అటూ ఇటూ తిరుగుతుంటుంది.

ఇందులో అసలు కీలకం వంత దగ్గర ఉంది. బయటివాళ్లు వంతను వెనకపాట అనుకుంటారు. పాట చివరి ముక్కను మళ్లీ అనడం వంత పనుల్లో ఒకటి మాత్రమే. ఆ ముక్కను అతను లాగి పట్టుకున్నంతసేపు కథకుడికి ఊపిరి దొరుకుతుంది, తర్వాతి మాట దొరుకుతుంది. ఇంకో పని ప్రశ్న అడగడం. "ఏమాయె అన్నా?" అని వంత అడిగితే, "ఏమైతది తమ్మీ, గుట్ట మీద గొర్లు లేకపాయె" అని కథకుడు వచనంలోకి దిగుతాడు. పాట నుంచి మాటకు దిగిన మెట్టు ఎవరికీ కనబడదు. ఇక మూడోది, నా లెక్కలో అన్నిటికన్నా విలువైనది: జనం మనసులో ఉన్న అనుమానం వంత నోటినుంచి వస్తుంది. మల్లన్న ఇంట్లో భార్య మేడలమ్మ ఉండగా మళ్లీ గొల్ల కేతమ్మ వెంట పడితే, ముందు వరసలో కూర్చున్న అవ్వలు ఏమనుకుంటారో వంత అదే అడుగుతాడు. దేవుణ్ణి నిలదీసే హక్కు ఆ రాత్రికి అతనిది. కథకుడు జవాబు చెప్పుకోవాలి. ఆ జవాబు ఏ ఊళ్లో ఆ ఊరిదే.

నేను విన్న పెద్దాయన ఈ ఘట్టంలో చేసిన ఒక పని ఇప్పటికీ నా కళ్లముందు ఉంది. భుజం మీది కండువా తీసి తలమీద వేసుకున్నాడు. కొంగు అంచును రెండు వేళ్లతో పట్టుకొని గడ్డం కిందికి లాగాడు. అంతే, ఎదురుగా కేతమ్మ ఉంది. మీసం అలాగే ఉంది, తలపాగా అలాగే ఉంది, గొంతు సన్నగా మార్చలేదు. మార్చే ఓపిక లేదు కూడా. మాట వేగం మాత్రం తగ్గించాడు, చూపు నేలమీదికి దించాడు. కేతమ్మ జవాబు చెప్పాక కండువా మళ్లీ భుజానికి చేరింది, మల్లన్న వచ్చాడు. వయసులో ఉన్న కళాకారులు ఇదే ఘట్టానికి నిజంగా చీర కట్టుకొని, నడుము తిప్పి, ఆడగొంతుతో మెప్పిస్తారు. అదీ చూడముచ్చటగానే ఉంటుంది. పెద్దాయన చేసినదాంట్లో కేతమ్మను నేను తయారుచేసుకోవాల్సి వచ్చింది. అందుకే ఆమె నాతో ఇంటిదాకా వచ్చింది.

డోలు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. రాష్ట్ర పండుగల్లో, బోనాల ఊరేగింపుల్లో మనం చూసే ఒగ్గు డోలు విన్యాసం వేరు. పదుల మంది ఒకే లయలో గెంతుతూ, ఒకరి భుజాలమీద ఒకరు ఎక్కుతూ వాయిస్తారు. కంటికి పండుగే. కథలో డోలు పని అంతకంటే లోతైనది. అది వాక్యానికి చుక్క పెడుతుంది. యుద్ధం వస్తే ఉరుకుతుంది, పెళ్లి వస్తే నడక మారుస్తుంది, చావు వస్తే ఆగిపోతుంది. డోలు ఆగిన ఆ రెండు క్షణాల్లో కథకుడు ఒక్క మాట, పాడకుండా, మామూలు గొంతుతో అంటాడు. ఊరంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు చిన్న గొంతు చాలు. పెద్దాయన కథంతా ఇలాంటి ఆగుదలల మీదే కట్టుకున్నాడు. డోలు కొట్టే కుర్రవాడు ఆయన ముఖం చూడలేదు, కాళ్లు చూస్తున్నాడు. కుడికాలి గజ్జె ఒక్కసారి నేలకు తాకితే ఆపు, రెండుసార్లు తాకితే దరువు మార్పు. అది వాళ్ల మధ్య మాట.

పట్నం గురించి రెండు మాటలు. మల్లన్న పెళ్లికి నేలమీద రంగు పొడులతో వేసే పెద్ద ముగ్గే పట్నం. పసుపు, కుంకుమ, తెల్లపిండి, ఆకులు ఎండబెట్టి దంచిన పచ్చపొడి, నల్లపొడి. వేళ్ల సందుల్లోంచి పొడి జారుస్తూ గంటల తరబడి వేస్తారు. కథ, పూజ పూర్తయ్యాక దాన్ని తొక్కి చెరిపేస్తారు. కొమురవెల్లిలో శివరాత్రికి వేసే పెద్దపట్నం చూడ్డానికి జనం తరలివస్తారు. ఒగ్గు పూజారికి ఈ పనీ ఆ పనీ వేరుకాదు. కథ చెప్పే నోరూ, పట్నం వేసే చెయ్యీ ఒకటే కావాలి. పట్నం చెరిగిపోయినట్టే ఆ రాత్రి చెప్పిన కథ కూడా చెరిగిపోతుంది. మళ్లీ చెప్పేటప్పుడు అది ఇంకో కథ.

అందుకే ఈ కళకు రికార్డింగుతో ఎప్పుడూ చిక్కే. క్యాసెట్ల కాలంలో కరీంనగర్, వరంగల్ జిల్లాల్లో ఒగ్గు కథ క్యాసెట్ మోగని ఊరు అరుదు. పెళ్లి పందిట్లో, కల్లు మండువాలో, టీ కొట్టులో అవే. అరవై నిమిషాల క్యాసెట్ అంటే ఒక్కో వైపు ముప్పై. రాత్రుల తరబడి నడిచే బీరప్ప, కామరతి కథను అందులో పట్టించాలంటే ఏం తీసేస్తారు? ముందుగా వంత ప్రశ్నలు పోతాయి. తర్వాత ఆగుదలలు పోతాయి. మిగిలేది పాటలు, హాస్యం. క్యాసెట్ విని పెరిగిన మా తరం ఒగ్గు కథ అంటే గట్టి గొంతు, ఉరికే దరువు అనుకోవడానికి ఇదొక కారణమని నా నమ్మకం. క్యాసెట్ చేసిన మేలు తక్కువేమీ కాదు. కథకుల పేర్లు జిల్లాలు దాటాయి. కానీ ముసలి గొంతుకు అందులో చోటు లేకుండా పోయింది.

ఆ పేర్లలో రెండు చెప్పుకోవాలి. వేములవాడ దగ్గరి హన్మాజీపేట మిద్దె రాములుది. జ్ఞానపీఠం అందుకున్న సి.నారాయణరెడ్డి పుట్టిన ఊరు కూడా అదే. ఒకే ఊరు ఒక చేత్తో రాతకవిత్వాన్నీ ఇంకో చేత్తో నోటికథనూ పెంచింది. రాములు ఎల్లమ్మ కథకు పెట్టింది పేరు. 2010లో పోయారు. రెండోవారు చుక్క సత్తయ్య. జనగామ ప్రాంతం లింగాల ఘనపురం మండలం మాణిక్యాపురం. 1935లో పుట్టి, 82 ఏళ్ల వయసులో 2017 నవంబర్‌లో కన్నుమూశారు. గుడి ముందు, కులదేవత కొలుపుల్లో ఉన్న ఒగ్గు కథను వేదిక మీదికి తెచ్చి, ఆ కులం వాళ్లు కాని శ్రోతలకు కూడా అలవాటు చేసినవాళ్లలో ఆయన ముందువరస. ఈ ఇద్దరి పేరు చెప్పగానే అందరూ వాళ్ల పడుచు రోజుల ఆటనే తలుచుకుంటారు. చివరి పదేళ్ల కథలను ఎవరూ అంత ప్రేమగా తలుచుకోరు. నాకు అది అన్యాయంగా తోస్తుంది.

ఈ విషయంలో పడమటి దేశాల రాక్ సంగీత శ్రోతలు మనకంటే నయం. అమెరికా గాయకుడు జానీ క్యాష్ 1994లో, అరవై దాటాక, ఒక్క గిటారు, ఒక్క గొంతుతో కొత్త ఆల్బమ్ చేశాడు. 2002లో వచ్చిన ఆల్బమ్ నాటికి ఆయన ఆరోగ్యం పాడైంది, గొంతు వణుకుతోంది. మరుసటి ఏడాది పోయాడు. ఆ వణుకుతున్న పాటలనే ఆయన గొప్ప పనుల్లో లెక్కిస్తారు. బాబ్ డిలన్ 78 ఏళ్ల వయసులో, 2020లో, దాదాపు పదిహేడు నిమిషాల పాట ఒకటి విడుదల చేశాడు. 1963లో కెనడీ హత్య చుట్టూ అల్లిన కథ అది. అందులో ఆయన పాడిందెంతో చెప్పిందీ అంతే. మొదటిసారి విన్నప్పుడు నాకు ఓదెల పెద్దాయనే గుర్తొచ్చాడు. వెనక పియానో నెమ్మదిగా నడుస్తుంటుంది, ముసలి గొంతు పేర్లు చెప్పుకుంటూ పోతుంది. మనకైతే అది కథాగానం. వాళ్లు దానికి ఆల్బమ్ వేశారు, కొన్నారు, దానిమీద వ్యాసాలు రాశారు. మన దగ్గర అదే పని చేసే మనిషికి మైకు ఇచ్చి పది నిమిషాల్లో ముగించమంటున్నాం.

ఓదెలలోనే కాదు, ఉత్తర తెలంగాణ పల్లెల్లో ఒగ్గు కథకు ఇంకో చోటుంది. మనిషి పోయాక దినాల నాటి రాత్రి కథ పెట్టిస్తారు. గోదావరిఖని గని కార్మికుల వాడల్లోనూ ఈ అలవాటు ఉంది. కథ మధ్యలో పోయినవాళ్ల పేరు, బిడ్డల పేర్లు, మనవల పేర్లు కలిపి పాడతారు. చదివింపులు పడతాయి. అక్కడ జనం అడిగి పిలిపించుకునేది పెద్దవయసు కథకుణ్ణే. ఎందుకో ఒక ఇంట్లో అడిగాను. "పిల్లగాండ్లు మంచిగనే పాడుతరు సార్, కని మా నాయినను ఎరిగినోడు పాడాలె గద" అంది ఆ ఇంటి కూతురు. పోయిన మనిషితో కలిసి కల్లు తాగినవాడు, ఆయన పెళ్లికి డోలు కొట్టినవాడు ఆ పేరు పలికితే వచ్చే బరువు వేరు. ఇందులో గొంతుతో పనేముంది?

ఇప్పుడు ప్రతి దళానికీ వీడియోలున్నాయి. నిడివికి హద్దు లేదు. క్యాసెట్ పెట్టిన అడ్డు తొలగిపోయింది. అయినా ఎక్కువగా కనిపించేవి తుంపులే, అరుపు ఎక్కువున్న ఘట్టాలే. రాత్రంతా నడిచిన కథ మొదటినుంచి చివరిదాకా, ఆగుదలలతో సహా, ముసలి కథకుడి నోట దొరకడం కష్టం. ఒక కథకుడు పోతే ఆయన కట్టుకున్న ఆగుదలలన్నీ ఆయనతోనే పోతున్నాయి. పాటలు శిష్యులకు వస్తాయి, దరువులు వస్తాయి. ఎక్కడ ఊరుకోవాలో మాత్రం పక్కన నిలబడి ఏళ్లకేళ్లు వంత పాడితేనే వస్తుంది.

మీ ఊళ్లో మల్లన్న పట్నానికో, బీరప్ప కొలుపుకో, ఎవరింటి దినాలకో ఒగ్గు కథ పెట్టిస్తే, పెద్దవయసు కథకుణ్ణి పిలవండి. ఆయన ఒప్పుకుంటే ఫోన్‌ను ఒక మూల నిలబెట్టి తెల్లారేదాకా రికార్డు చేయండి. మధ్యలో ఆపకండి, తర్వాత కత్తిరించకండి. మొదట్లోనే ఊరి పేరు, తేదీ చెప్పండి. కథకుడి పేరుతో పాటు వంతల పేర్లు, డోలు కొట్టినవాళ్ల పేర్లు కూడా వాళ్ల నోటితోనే చెప్పించండి. ఒక కాపీ ఆ దళానికి ఇవ్వండి.