పందొమ్మిదివేల డాలర్లు ఏమైనవి? – ఒక గ్రంథ పరిశీలన

ఒక వస్తువు ఎన్ని తయారైనవి అన్న ప్రశ్న పైకి చాల సులభముగా కనబడుతుంది. తయారు చేసినవారి దస్తరము తీసి అంకె చదివితే సరిపోవును గదా! కాని దస్తరము నిజమై ఉండి కూడ, దానినుండి మనము తీసిన నిర్ణయము తప్పు కావచ్చును. నాణెముల చరిత్రలో ఇందుకు గొప్ప ఉదాహరణ 1804 తేదీగల అమెరికా వెండి డాలరు. దీనిపై ఎరిక్ న్యూమన్, కెన్నెత్ బ్రెసెట్ కలిసి రచించిన ‘ది ఫెంటాస్టిక్ 1804 డాలర్’ అను గ్రంథము 1962లో వెలువడినది. నాణెములు సేకరించు అలవాటు లేనివారు కూడ చదువదగిన పుస్తకమిది. నాణెమును గురించి ఎంత చెప్పునో, సాక్ష్యమును పరీక్షించు పద్ధతిని గురించి కూడ అంత చెప్పును.

మొదట సమస్యను చూతము. ఫిలడెల్ఫియా టంకశాల లెక్కల ప్రకారము 1804లో 19,570 వెండి డాలర్లు తయారైనవి. కాని 1804 అను తేదీ గలవి ఇరవయ్యో శతాబ్దము చివరికి లెక్కకు వచ్చినవి పదిహేను మాత్రమే. మిగిలినవి ఏమైనవి? ఓడతో సముద్రములో మునిగినవని కొందరు, కరగించివేశారని కొందరు, చైనా వర్తకములో దేశము దాటినవని మరికొందరు ఊహించారు. ఈ ఊహలన్నిటికి ఒకే లోపమున్నది. ఓడ మునుగవచ్చును, కాని ఆ సంవత్సరపు నాణెము ఒక్కటైనను ఓడ ఎక్కకుండ బజారులో మిగలలేదనుట ఎట్లు నమ్మగలము? 1803 తేదీగల డాలర్లు సేకరణలలో బాగుగానే కనబడుచున్నవి. కొలిమికిగాని, సముద్రమునకుగాని తేదీ చూచి ఏరుకొను శక్తి లేదు.

గ్రంథకర్తల సమాధానము సరళమైనది. టంకశాల దస్తరము ఆ సంవత్సరములో ఎన్ని నాణెములు కొట్టినారో చెప్పుచున్నది. వాటిపై ఏ తేదీ ఉన్నదో చెప్పుటలేదు. ఆ రోజులలో మంచి ఉక్కు అరుదు. అచ్చులు చెక్కుట శ్రమతో కూడిన పని. అందుచేత పాత తేదీగల అచ్చు పగిలిపోవువరకు దానినే వాడేవారు. కాబట్టి 1804లో తయారైన 19,570 డాలర్లమీద 1803గాని, అంతకు ముందటి తేదీగాని ఉండవలెను. అవి పోనూలేదు, మునగనూలేదు. మరొక తేదీతో మన కళ్ళయెదుటనే ఉన్నవి.

అట్లయితే 1804 తేదీగల ఆ కొద్ది డాలర్లు ఎక్కడివి? 1804 తరువాత అమెరికాలో డాలర్ల ముద్రణ చాల ఏండ్లు ఆగిపోయినది. 1834లో అమెరికా ప్రభుత్వము సయాం రాజునకు, మస్కట్ సుల్తానుకు రాయబారి ఎడ్మండ్ రాబర్ట్స్ ద్వారా కానుకగా పంపుటకు తమ దేశపు నాణెముల పెట్టెలను సిద్ధము చేయించినది. డాలరు లేనిదే ఆ వరుస పూర్తి కాదు. అధికారులు దస్తరము తిరగవేయగా డాలర్లు చివరిసారి కొట్టినది 1804 అని కనబడినది. ఆ తేదీతోనే కొత్త అచ్చు తయారైనది. తరువాతివారిని భ్రమపెట్టిన ఆ లెక్కయే అసలు ఈ నాణెమునకు జన్మనిచ్చినదన్నమాట!

ఈ వాదమునకు బలము కాగితములనుండి మాత్రమే రాలేదు, లోహమునుండి కూడ వచ్చినది. పూర్వము నాణెము అంచుమీద అక్షరములను ముందుగా ఒత్తి, ఆపైన బిళ్ళను కట్టు లేకుండ అచ్చుల మధ్య కొట్టేవారు. 1828 ప్రాంతములో బిళ్ళ చుట్టు ఉక్కు కట్టు బిగించి కొట్టు పద్ధతి వచ్చినది. దెబ్బ పడినప్పుడు లోహము ప్రక్కలకు పారలేక కట్టుకు ఒత్తుకొనును. గట్టు నిటారుగా లేచును. అంచుమీది అక్షరములు నలుగును. 1804 డాలర్లలో మొదటి రకము వాటిపై ఈ గుర్తులే ఉన్నవి. తేదీ అబద్ధము చెప్పవచ్చును, లోహము చెప్పలేదు.

విజ్ఞానశాస్త్రములో సిద్ధాంతమునకు నిజమైన పరీక్ష తరువాత దొరికిన సాక్ష్యము. ఈ పుస్తకమునకు ఆ అదృష్టము కలిగినది. 1962లో డెట్రాయిట్ నగరములో జరిగిన నాణెశాస్త్ర సభలో లండనుకు చెందిన డేవిడ్ స్పింక్ సయాం రాజునకు వెళ్ళిన పెట్టెను తెచ్చి చూపారు. అందులో 1804 డాలరు ఉన్నది! ఉండవలెనని తర్కము చెప్పినచోట వస్తువు కనబడినది.

ఇక అంగీకరింపలేని మాట ఒకటి. పేరులోని ‘ఫెంటాస్టిక్’ అను పదమునకు కల్పితమను అర్థము కూడ ఉన్నది. అది అన్నిటికి సమానముగా తగదు. అప్పటికి తెలిసిన పదిహేనింటిలో ఎనిమిది మొదటి రకమువి. మిగిలిన ఏడు 1858 ప్రాంతమున, ఆ తరువాత, టంకశాలలోనే గుట్టుగా పుట్టినవి. వీటిలో ఒకటి 1857 నాటి స్విట్జర్లండు నాణెముమీదనే కొట్టబడినది. అది ఇప్పుడు స్మిత్సోనియన్ సంస్థలో ఉన్నది. ప్రభుత్వపు ఆజ్ఞతో బహిరంగముగా తయారైన కానుకను, ఉద్యోగులు లోపాయికారిగా కొట్టినదానిని ఒకే గాటకు కట్టరాదు. మొదటిదానిలో అబద్ధము తేదీ ఒక్కటే; రెండవదానిలో ఉద్దేశము కూడ.

రెండవది సంఖ్య. పుస్తకము 19,570 అను అంకె చిక్కును విడదీసినది. కాని 1834-35లో ఎన్ని కొట్టారు, 1858 తరువాత ఎన్ని కొట్టారు అను ప్రశ్నలు మిగిలియే ఉన్నవి. గుట్టుగా చేసినపనికి దస్తరముండదు. చాలమంది ఎనిమిది, ఒకటి, ఆరు అని కూడి, ముద్రించినవి పదిహేనే అని తేల్చివేసేవారు. ఇది కాకిలెక్క. చెరువులో వల వేసి పట్టిన చేపల సంఖ్య చెరువులోని చేపల సంఖ్య కాదు గదా! పదిహేను అన్నది కనీసపు హద్దు. అంతకు తక్కువ కాదని మాత్రమే దాని అర్థము. 2021లో ఒక మొదటి రకము డాలరు వేలములో 76,80,000 డాలర్లకు అమ్ముడుపోయినది. అంతటి ధరకు ఆధారము ‘కొద్దియే ఉన్నవి’ అను నమ్మకము. నమ్మకము ధరను నిర్ణయించవచ్చునుగాని సంఖ్యను నిర్ణయించలేదు.

మన విద్యార్థులు ప్రయోగశాలలో పట్టికలు నింపునప్పుడు అంకెను చూతురేగాని, పట్టిక పైనున్న శీర్షికను తరచుగా చూడరు. ఏమి లెక్కించారు? ఎవరు, ఎందుకు లెక్కించారు? ఈ మూడు ప్రశ్నలు వేయనందున తరతరాల సేకరణకారులు లేని పందొమ్మిదివేల నాణెములను సముద్రములో వెతికారు. ఆ ప్రశ్నలు వేసినందుననే ఈ పుస్తకము విలువైనది.