పారిస్ అద్దాల బీరువా: నగిషీ వెనక పనితనం

పంతొమ్మిదో శతాబ్దం చివర్లో పారిస్‌లో తయారైన అద్దాల బీరువాను దూరం నుంచి చూస్తే ముందు కంటబడేది బంగారు రంగే. కాళ్ల మీద పాకిన ఆకులు, మూలల్లో స్త్రీ ముఖాలు, నెత్తిన ఆల్చిప్ప ఆకారపు కిరీటం, కింది పలకల మీద తోటల్లో సేదదీరే జంటల బొమ్మలు. ఇంత ఆర్భాటమేమిటని పక్కకు తప్పుకునేవాళ్లున్నారు. వాళ్లను చేయిపట్టుకు ఆపి, ఒక్క మూల దగ్గర కాసేపు నిలబెట్టాలనిపిస్తుంది నాకు. ఆ మూలలో నాలుగైదు వృత్తుల చేతులు కలిశాయి.

మొదట కర్ర సంగతి. లోపలి చట్రం ఓక్. పైన మెరిసేది బ్రెజిల్ నుంచి వచ్చిన కింగ్‌వుడ్, ట్యూలిప్‌వుడ్ కర్రల పలుచని పొర. ఫ్రాన్స్ రాజు పదిహేనో లూయీ కాలపు శైలిలో బీరువా పొట్ట ముందుకు ఉబ్బుతుంది, అదే ఊపులో పక్కలకూ వంపు తిరుగుతుంది. కర్ర పొర ఒక దిక్కుకే హాయిగా వంగుతుంది. రెండు దిక్కులా వంచబోతే బిందెకు కాగితం అంటించినట్టు ముడతలు పడుతుంది, లేదా చీలుతుంది. అందుకని పొరను చిన్న ముక్కలుగా కోసి, వేడి బంక పూసి, కాచిన ఇసుక మూటలతో అదిమేవారు. ముక్కల్లోని నారను ఏటవాలుగా ఎదురెదురు పెట్టడంతో అతుకే అలంకారమైపోయింది. మంచి పనిలో ఆ అతుకు మీద గోరు ఆడించినా తగలదు.

అయితే ఇలాంటి పొరకు అంచులే గండం. కాలు తగిలినా, చీపురు తగిలినా లేచిపోతుంది. అక్కడే కంచు రంగంలోకి దిగుతుంది. పాదాలకు తొడుగులు, మూలలకు కవచాలు, తలుపుల చుట్టూ సన్నని పట్టీలు. మనం నగ అనుకున్నది నిజానికి కాపలా. ఈ ఇంగితమే నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆకట్టుకుంటుంది.

పోత పోసిన కంచు గరుకుగా, మొద్దుగా వస్తుంది. ఆకు ఈనెలు, జుట్టు పాయలు, పెదవుల అంచులు అన్నీ ఆ తర్వాత ఉలితో తేల్చాల్సిందే. ఆపైన బంగారు పూత. పాత పద్ధతిలో బంగారాన్ని పాదరసంలో కలిపి, ముద్దలా కంచుకు పూసి కాల్చేవారు. పాదరసం ఆవిరైపోయి బంగారం అంటుకునేది. ఆ ఆవిరి పీల్చిన పనివాళ్ల ఒళ్లు గుల్లయ్యేది. ఆ మెరుపును మెచ్చుకుంటూ ఈ మాట మరచిపోవడం నావల్ల కాదు. 1840ల్లో విద్యుత్తుతో పూత వేసే పద్ధతి వచ్చింది. ఏ పద్ధతి పూత అయినా, చివర్లో అగేటు రాయితో ఎత్తయిన చోట్లే రుద్ది మెరిపించి, పల్లాలను మసకగా వదిలేసేవారు. ముఖానికి ప్రాణం పోసేది ఆ తేడానే.

కింది పలకల మీది బొమ్మలు 'వెర్నీ మార్టాఁ' పద్ధతివి. తూర్పుదేశాల లక్కపనిని అనుకరిస్తూ పద్దెనిమిదో శతాబ్దంలో మార్టాఁ సోదరులు పేరు తెచ్చిన వార్నిష్ ఇది. చిత్రం మీద పొర ఆరాక పొర వేస్తూ, మధ్యలో సాన పడుతూ పోతే రంగు లోతు నుంచి వెలుగుతున్నట్టుంటుంది. ఇక పక్కల వంపు తిరిగిన అద్దాలు. కొలిమిలో మెత్తబడ్డ అద్దం అచ్చు మీదికి వాలి ఆ ఒంపు తీసుకుంటుంది. కర్ర ఒంపూ అద్దం ఒంపూ వెంట్రుకవాసి తేడా లేకుండా కలవాలి, లేకపోతే తలుపు కూర్చోదు.

ఈ బీరువాను పాతదానికి నకలు అనేస్తే ఒప్పుకోను. పదిహేనో లూయీ కాలంలో ఇలాంటి అద్దాల బీరువాలు అరుదు. సేకరించిన పింగాణీని నలుగురికీ చూపించాలన్న పంతొమ్మిదో శతాబ్దపు సంపన్నుల సరదా కోసం, పాత ఒంపులతో కొత్త వస్తువు పుట్టింది. తయారీ తీరూ మారింది. పాత పారిస్‌లో వృత్తి సంఘాల నిబంధనలు కఠినం; కర్రపనివాడు కంచు పని చేయకూడదు. బీరువాలు చేసే షార్ల్ క్రెస్సాఁ తన కంచు తనే పోయించుకున్నందుకు వ్యాజ్యాలు ఎదుర్కొన్నాడు. 1791లో ఆ సంఘాలు రద్దయ్యాక అడ్డు తొలగింది. బొహీమియాలో 1855లో పుట్టి పారిస్‌లో స్థిరపడిన ఫ్రాన్స్వా లింక్, శిల్పి లియోన్ మెస్సాజేతో కలిసి, 1900 ప్రపంచ ప్రదర్శనకు సొంత డబ్బు పణంగా పెట్టి సామాను చేయించి బంగారు పతకం గెలిచాడు. వాళ్ల పనిలో కంచు అలలా కర్ర మీదుగా సాగి, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియనివ్వదు.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఫ్రెంచి సామాను ఉన్న గదికి వెళ్తే ఈ శైలుల ఒంపులను కళ్లారా చూడొచ్చు. ఎదురుగా కాకుండా పక్క నుంచి, కాస్త వంగి చూడండి. కంచు పట్టీకీ కర్రకూ మధ్య సందు ఉందా, ఆకు ఈనెలు పదునుగా ఉన్నాయా, మర కనబడకుండా ఏ పువ్వు కిందో దాచారా అన్నది గమనిస్తే, మంచి పనికీ నాసిరకానికీ తేడా అక్కడే తెలిసిపోతుంది.