మట్టిని చదివే పని

టెక్కలికి దక్షిణాన, వంశధార ఒడ్డున శాలిహుండం కొండ ఉంది. 1919లో గిడుగు రామమూర్తి పంతులు దాని ప్రాచీనతను గుర్తించారు. ఆ తర్వాతి తవ్వకాల్లో స్తూపాలు, ధాతు కరండాలు (అవశేషాలు దాచే పేటికలు) బయటపడ్డాయి. ఆ తవ్వేవారి పనితనానికి నేను చేతులెత్తి మొక్కుతాను.

పాత సమాధుల తవ్వకంలోనూ అదే పనితనం కావాలి. సమాధిని చాలాసార్లు ముందుగా పట్టించేది ఎముక కాదు, మట్టి రంగు. ఒకసారి తవ్వి పూడ్చిన మట్టి చుట్టూ ఉన్న మట్టితో మళ్లీ పూర్తిగా కలిసిపోదు. తాపీతో పొర గీకి, కాసిని నీళ్లు చిలకరిస్తే గుంత అంచు తేలుతుంది. ఇక బ్రష్షే పనిముట్టు. తల ఏ దిక్కున ఉందో, కుండ ఎక్కడ పెట్టారో కొలిచి, బొమ్మ గీసి, ఫొటో తీశాకే దేన్నయినా కదుపుతారు. తీసిన మట్టిని జల్లెడ పడతారు. చిన్న పూస కూడా జారిపోకూడదు. తవ్విన సమాధిని మళ్లీ తవ్వలేం కనుకే అంత ఓర్పు.

ముఖలింగంలో గంగరాజుల సంగతులు శాసనాలు చెబుతాయి. ఆనాటి రైతు, జాలరి సంగతి చెప్పడానికి బూడిద, పెంకు, పన్ను వంటివే మిగులుతాయి. వాటి చేత మాట్లాడించేది ఈ ఓర్పే. పలాస జీడితోటల్లో, ఉద్దానం కొబ్బరితోటల్లో పునాది తీస్తున్నప్పుడు పాత కుండ తగిలితే, గునపం ఆపి పురావస్తు శాఖకు కబురు పెడదాం.