సెట్టింగే గదా!

మంఖాల్‌లో ఓ చిన్న కంపెనీకి సర్వర్లు చూసే మా మేనల్లుడు ఈ వారం నాతో వాదనకు దిగాడు. "కోడయితే పదిసార్లు టెస్ట్ చేస్తం మామా. కాన్ఫిగ్ ఫైల్ల ఒక్క లైన్ మార్చేటందుకు గింత హడావుడెందుకు? సెట్టింగే గదా!"

ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుందని ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలుసు. 2024 జూలై 19న వాడి ఆఫీసు పక్కనున్న శంషాబాద్ విమానాశ్రయంలోనే ఇండిగో సిబ్బంది బోర్డింగ్ పాసులు పెన్నుతో రాసిచ్చారు. కోల్‌కతా వెళ్లే ఒకాయన పాస్ ఫొటో దేశమంతా తిరిగింది. ఆ ఉదయం ప్రపంచమంతటా విండోస్ కంప్యూటర్లను పడగొట్టింది వైరస్ కాదు, హ్యాకర్లూ కాదు. క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ మన టైమ్ 9.39కి పంపిన కాన్ఫిగరేషన్ ఫైలు, చానల్ ఫైల్ 291. అందులోని కొత్త రూలు 21వ విలువను చూడమంది. ప్రోగ్రామ్ ఇచ్చేవి 20. లేనిదాన్ని చదవబోయి విండోస్ కుప్పకూలింది. 78 నిమిషాల్లో ఫైలు వెనక్కి తీసుకున్నారు. అప్పటికే, మైక్రోసాఫ్ట్ లెక్కన, 85 లక్షల కంప్యూటర్లకు దెబ్బ తగిలింది. చాలాచోట్ల మనిషే ఒక్కో మెషీన్ దగ్గరికి వెళ్లి, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఫైలు తీసేయాల్సి వచ్చింది.

అందుకే ఆటోమేటిక్ అప్‌డేట్లు వద్దు, ఫైలు మనిషే చేత్తో మార్చాలన్నది నా పాత పాట. మావాడి సర్వర్ చూశాక ఆ పాట పాడబుద్ధి కాలేదు. ఒకే ఫోల్డర్లో ఇంజిన్‌ఎక్స్ డాట్ కాన్ఫ్, దాని పక్కనే ఓల్డ్, ఫైనల్, ఫైనల్2. అన్నీ చేత్తో మార్చినవే. ఏది ఎవరు ఎందుకు మార్చారో చెప్పగలిగేవాడు ఆఫీసులో ఒక్కడూ లేడు.

చేతిపనికి కూడా లెక్కాపత్రం ఉండాలి. ఈటీసీ ఫోల్డర్‌ను గిట్‌లో పెట్టాలి, ప్రతి మార్పుకూ కారణం రాయాలి. సిస్టమ్‌డీ సర్వీసుకైతే అసలు ఫైలు ముట్టుకోనే అక్కర్లేదు. 'సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్' కొడితే విడిగా ఓవర్‌రైడ్ ఫైలు తెరుచుకుంటుంది. మన రెండు లైన్లూ అందులో ఉంటాయి, రేపు ప్యాకేజీ అప్‌డేట్ వచ్చినా చెరిగిపోవు.

రీలోడ్‌కు ముందు 'ఇంజిన్‌ఎక్స్ మైనస్ టీ' కొట్టడం తప్పనిసరి. అయితే అది రాత తప్పులు పట్టుకుంటుంది గానీ, మీ ఉద్దేశం దానికి తెలియదు. చానల్ ఫైల్ 291 కూడా కంపెనీ వాలిడేటర్ దగ్గర పాసైందే. ఇలాంటి ఫైళ్లను దశలవారీగా పంపే పద్ధతి క్రౌడ్‌స్ట్రైక్ ఆ తర్వాతే పెట్టుకుంది.

సర్వర్లు చూసే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! కొత్త సెట్టింగ్ ముందు ఒక్క మెషీన్ మీద పెట్టండి. గంటసేపు లాగ్ చూడండి. ఆ తర్వాతే మిగతావాటి జోలికి వెళ్లండి.