‘మిస్‌ఫైర్’ అనే మాట దాచే ప్రమాదాలు

2023 ఆగస్టులో హైదరాబాదు పాతబస్తీలోని హుసేనీ ఆలం ప్రాంతాన, విధి నిర్వహణలో ఉన్న ఒక హెడ్ కానిస్టేబులు తన వద్ద ఉన్న ఆయుధం పేలి మరణించినాడు. పత్రికలు ఆ సంఘటనను ‘మిస్‌ఫైర్’ అని పేర్కొన్నవి. ఇటువంటి వార్త వచ్చినప్పుడెల్ల మన పత్రికలలో సాధారణంగా కనిపించే మాట ఇదే. ఆ దుర్ఘటనకు కారణమేమో నిర్ణయించుట ఈ వ్యాసం ఉద్దేశం కాదు. కాని ఆ మాటను గూర్చి విజ్ఞానశాస్త్రం చదివినవారు అభ్యంతరం చెప్పక తప్పదు.

మిస్‌ఫైర్ అనగా పేలకపోవుట. పూర్వపు తుపాకులలో రంజకం భగ్గున మండినా గొట్టంలోని మందు అంటుకొనకపోతే అది మిస్‌ఫైర్. మోటారు ఇంజనులో ఒక సిలిండరులోని ఇంధనం మండకపోతే అదీ మిస్‌ఫైరే. పాతబస్తీ సందులలోని ఆటో మెకానిక్కు ‘బండి మిస్సింగు కొడుతున్నది’ అన్నప్పుడు ఈ అర్థంలోనే అంటాడు. మెకానిక్కు సరిగా వాడుతున్న మాటను పత్రికలు తలక్రిందులు చేసినవి. పేలకపోవుటను తెలిపే మాటతో, పేలరాని వేళ పేలుటను తెలుపుతున్నవి.

ఇది ఒట్టి భాషాదోషమే అయితే ఉపేక్షించవచ్చు. కాని తూటాకు సంబంధించిన ప్రమాదాలలో ముఖ్యమైనవి నాలుగున్నవి: తూటా పేలకపోవుట, ఆలస్యంగా పేలుట, ఉద్దేశం లేకుండ పేలుట, పేలినప్పుడు తన తొడుగునే చీల్చుకొనుట. ఒక్కొక్కదానికి కారణం వేరు, జాగ్రత్త వేరు. వీటిలో నాలుగవది మన పాఠకులకు అంతగా తెలియదు. కనుక దానిని కొంత వివరిస్తాను.

తూటా అనగా గుండు ఒక్కటే కాదు. ఇత్తడి తొడుగు, దాని అడుగున ప్రైమరు, లోపల మందు, మూతి వద్ద గుండు కలిస్తే తూటా. 9 మిల్లీమీటర్ల పిస్తోలు తూటాలో ప్రైమరు మందును ముట్టించగానే పుట్టే వాయువుల పీడనానికి ఐరోపా ప్రమాణాలు విధించిన గరిష్ఠ పరిమితి 235 మెగాపాస్కల్‌లు. ఇది వాతావరణ పీడనానికి సుమారు 2,300 రెట్లు. వంటింటి ప్రెషరు కుక్కరులో బయటి గాలికంటె అదనంగా ఉండేది దాదాపు ఒక వాతావరణ పీడనమే! తుపాకిలోని ఇంత పీడనాన్ని పలుచని ఇత్తడి ఆపలేదు. దానిని ఆపేది చుట్టూ ఉన్న ఉక్కు తూటాగది. ఇత్తడి తొడుగు వ్యాకోచించి గది గోడకు అంటుకొని, వాయువు వెనుకకు కారకుండ వాషరు వలె మూస్తుంది. గోల్కొండ కోటలో ఫిరంగులను చూచిన విద్యార్థులకు వాటి వెనుకభాగం ఎందుకు దళసరిగా ఉంటుందో ఇప్పుడు బోధపడుతుంది. పీడనం హెచ్చుగా ఉండేది అక్కడే.

అయితే పిస్తోలులో ఒక చిక్కున్నది. తూటా పిడిలోని మ్యాగజీను నుండి పైకి జారి గదిలో ప్రవేశించవలె. అందుకై గది ముఖద్వారం అడుగున ఉక్కును ఏటవాలుగా కోసి, జారుడుబల్ల వంటి దారి చేస్తారు. కోసిన మేరకు తొడుగుకు క్రింద ఆధారం ఉండదు. చిన్న పిస్తోళ్ళలో స్లైడు కదలిక తక్కువ, తూటా జారే చోటు తక్కువ. తూటా చిక్కుకొనకుండుటకు ఈ దారిని మరికొంత ధారాళంగా కోయవలెననే ఆశ అక్కడ పుడుతుంది. తొడుగు అడుగుభాగం దళసరి. కోత దాని దగ్గరే ఆగితే భయం లేదు. దాటితే పలుచని గోడ బయటపడుతుంది.

ఒక చిన్న లెక్క వేసి చూడండి. ఆధారం లేని చోటు 2 మిల్లీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల పొడవు అనుకొందము. వైశాల్యం 6 చదరపు మిల్లీమీటర్లు. ఒక్కొక్క చదరపు మిల్లీమీటరుపై 235 న్యూటన్ల చొప్పున మొత్తం బలం 1,410 న్యూటన్లు. ఇది సుమారు 144 కిలోల బరువుకు సమానం. పెసరగింజకంటె చిన్న జాగాపై ఇద్దరు మనుష్యుల భారమన్నమాట! అక్కడ ఇత్తడి ఉబ్బుతుంది, లేదా చీలుతుంది. చీలితే వేడి వాయువు మ్యాగజీనులో దూరి, పిడిని పగులగొట్టి, చేతిని గాయపరచగలదు. 1990లో .40 క్యాలిబరు తూటా వచ్చిన తరువాత, కొన్ని పిస్తోళ్ళలో కాల్చిన తొడుగుల అడుగున ఇట్టి ఉబ్బు కనిపించి అమెరికాలో ఎంతో చర్చ జరిగినది.

తప్పంతా గదిదే అనుట కూడ సరికాదు. ఒకే తూటాను పలుమార్లు గదిలోకి ఎక్కించి దించితే గుండు తొడుగులోనికి దిగబడవచ్చు. అప్పుడు మందుకు చోటు తగ్గి పీడనం హద్దు మీరుతుంది. కాల్చిన తొడుగును మరల నింపునప్పుడు మందు హెచ్చినా ఇంతే. గదికి ఆధారం ఎంత చక్కగా ఉన్నా ఈ అజాగ్రత్తలను అది పూర్తిగా కాయలేదు.

ఇప్పుడు పత్రికల మాటకు మరల వద్దాము. తూటా పేలకపోతే గొట్టాన్ని నిరపాయమైన దిక్కుకే ఉంచి కనీసం 30 సెకనులు వేచియుండవలె. అది అసలు పేలదో, ఆలస్యంగా పేలుతుందో ముందుగా తెలియదు. ఉద్దేశం లేకుండ పేలితే, గదిలో తూటా ఎందుకున్నదో, ట్రిగ్గరును ఏది కదిలించినదో, ఆయుధం క్రింద పడినదో, లోపలి భాగాలు అరిగినవో చూడవలె. తొడుగు చీలితే ఆ తొడుగును, గదిని, అదే పెట్టెలోని మిగిలిన తూటాలను పరీక్షించవలె. అన్నిటికీ ‘మిస్‌ఫైర్’ అని ఒకే పేరు పెడితే, ఆ పేరే కారణమన్నట్లు తోచి విచారణ అక్కడే ఆగిపోతుంది. తప్పు యంత్రానిదో, తూటాదో, శిక్షణదో తేలదు. తేలనినాడు మరొక కాపలాదారుకు అదే ముప్పు పొంచి ఉంటుంది.

వార్త వ్రాసేవారికి ఆ రాత్రికి కారణం తెలియకపోవచ్చు. అది వారి తప్పు కాదు. తెలియనప్పుడు ‘తుపాకి పేలి’ అంటే చాలును. ఉపాధ్యాయులు ఇట్టి వార్తలను తరగతిలో చదివించి, ఈ నాలుగింటిలో అది ఏ కోవకు చెందునో, చెప్పుటకు వార్తలో ఆధారమున్నదో లేదో విద్యార్థులను అడుగవలె. సరియైన పేరు పెట్టుట సరియైన కారణాన్ని వెదకుటకు మొదటి మెట్టు.