నేల వాలుతో తేల్చిన లెక్క

కరెంటు వచ్చిన ఊళ్లో పనికి వెళ్లేవాళ్లు పెరిగితే అది కరెంటు చలవేనా? కాస్త కలిగిన ఊళ్లకే ముందు తీగలు లాగి ఉండొచ్చు. లేదా వెనకబడ్డ ఊళ్లనే సర్కారు ముందు ఎంచుకుని ఉండొచ్చు. మొదటిది నిజమైతే కరెంటుకు లేని ఘనత అంటగడతాం, రెండోది నిజమైతే ఉన్న ఘనతను తక్కువ చేస్తాం. ఈ చిక్కును ఆర్థికవేత్త టారిన్ డింకెల్‌మన్ విప్పిన తీరు చూడదగ్గది. ఆమె వ్యాసం 2011లో ‘అమెరికన్ ఎకనామిక్ రివ్యూ’లో వచ్చింది.

ఆమె ఎంచుకున్నవి దక్షిణాఫ్రికాలోని క్వాజులు-నాటల్ పల్లెలు. వర్ణవివక్ష పాలన ముగిశాక ఎస్కామ్ సంస్థ అక్కడ ఇంటింటికీ కరెంటు ఇస్తూ పోయింది. 1996, 2001 జనాభా లెక్కలను పక్కపక్కన పెట్టి, ఆ ఐదేళ్లలో ఏ ఊరికి లైను పడిందో ఆమె సరిచూసింది. ఊరికే పోల్చి చూస్తే ఆడవాళ్ల ఉపాధిలో తేడా దాదాపు సున్నా.

అసలు పనితనం ఇక్కడే మొదలవుతుంది. ఎగుడుదిగుడు నేలలో గుంటలు తవ్వి స్తంభాలు నిలబెట్టాలంటే ఖర్చెక్కువ. అందుకే మిగతావన్నీ సమానంగా ఉంటే చదును ఊరి వంతే ముందొస్తుంది. ఆ ఊరు చదునుగా ఉండటం ఎవరి సిఫార్సూ కాదు. అందుకని వాలు మూలంగా కరెంటులో వచ్చిన తేడాను మాత్రమే విడదీసి, దాని వెంట ఉపాధి ఎంత కదిలిందో కొలిచింది. ఆడవాళ్లలో పనిచేసేవారి వాటా 9 శాతం పాయింట్ల మేర పెరిగిందని తేలింది. మొదట్లో ఆ వాటా సుమారు 7 శాతమే! మగవాళ్లలో మాత్రం గట్టిగా చెప్పగలిగినంత పెరుగుదల కనబడలేదు.

వాలు నేలకు రోడ్లూ దూరమే కదా అని అడగొచ్చు. రోడ్డుకు, పట్నానికి, కరెంటు లైనుకు ఉన్న దూరాలను ఆమె ముందే లెక్కలోకి తీసుకుంది. చదును ఊళ్ల మీద సర్కారుకు అన్నిటా దయ ఉందేమోనన్న అనుమానానికి ఆమె వేసిన పరీక్ష మరీ చక్కనిది. అదే నిజమైతే కరెంటుతోపాటు మంచినీళ్లూ మరుగుదొడ్లూ రావాలి. అవి రాలేదు. కరెంటు దీపాలు వచ్చాయి, కట్టెల పొయ్యిలు తగ్గాయి. కట్టెలకూ వంటకూ పోయే పొద్దు మిగిలింది గనక ఆడవాళ్లు పనికి వెళ్లగలిగారని, ఇంటి పట్టున చిన్న వ్యాపారాలకూ వీలు దొరికిందని ఆమె వివరణ.

ఒక్క పద్ధతినే నమ్ముకోకుండా, ఇంటింటి సర్వేలతో మరో దారిలోనూ చూసింది. పని గంటలు ఇద్దరికీ పెరిగాయి. కానీ ఆడవాళ్ల కూలి తగ్గింది, మగవాళ్ల సంపాదన పెరిగింది. తన శుభవార్తను పలచన చేసే ఈ సంగతిని కూడా ఆమె దాచలేదు.

మన దేశంలో రాజీవ్ గాంధీ గ్రామీణ విద్యుదీకరణ యోజనను ఫియోనా బర్లిగ్, లూయీ ప్రియోనాస్ అర్హతకు పెట్టిన 300 జనాభా గీతకు అటూ ఇటూ ఉన్న ఊళ్లను పోల్చి పరిశీలిస్తే, చిన్న ఊళ్లలో ప్రభావం స్వల్పమని తేలింది. దాంతో డింకెల్‌మన్ లెక్క తప్పయిపోదు. ఆమె తేల్చిన 9 పాయింట్ల లెక్క, చదును నేల పుణ్యమా అని కరెంటు అందిన ఆ పల్లెలది, ఆ ఐదేళ్లది. దాన్ని తెచ్చి మన ఊళ్లకు అంటించలేం. మన దగ్గర లైను ఎటు పోవాలో నిర్ణయించినదేమిటో వెతికి, మన లెక్క మనమే కట్టుకోవాలి.